తొండం తగిలించుకున్న హేతువాది

1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడి విగ్రహాలు పాలు తాగిన సంగతి నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను శ్రీకాకుళంలో ఉండేవాణ్ణి. చెంచాని తడి రాయికి ఆనిస్తే తలతన్యత వల్ల పాలు అంచు దాటి వస్తాయనీ, సన్నటి ధారగా రాతి మీంచే కిందికి జారిపోతాయనీ మా సంఘం మిత్రులతో కలిసి బజారులో చేసి చూపించాను. విగ్రహం ఎవరూ ఇవ్వక, ఒక రుబ్బురోలు పొత్రం చేత పాలు తాగించాం. నలుగురు నవ్వారు, ఇద్దరు తిట్టారు. "ఆ దేవుడే నీకు బుద్ధి చెబుతాడు" అని ఒక పెద్దాయన శపించాడు.

ఆ శాపం ఇన్నేళ్ళకి ఫలించిందని మా బంధువుల్లో కొందరి అభిప్రాయం. ఎందుకంటే ఇప్పుడు నేను రోజూ పడుకునేటప్పుడు ముక్కుకి ఒక మాస్కు, మాస్కుకి ఆరడుగుల గొట్టం, గొట్టం చివర ఒక చిన్న గాలి యంత్రం తగిలించుకుంటున్నాను. వీడియో కాల్‌లో మొదటిసారి చూసి మా అమ్మ, "ఏట్రా అది? తొండం నాగుందే!" అంది. దాని పేరు సీప్యాప్. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బుకి, అంటే స్లీప్ ఆప్నియాకి, వాడే యంత్రం.

ఆ యంత్రం గొప్పతనం చెప్పడానికి ఇది రాయడం లేదు. రుజువు, సాక్ష్యం అంటూ పాతికేళ్ళకి పైగా ఊళ్ళోవాళ్ళకి చెబుతూ వచ్చిన నేను, ఆ రుజువుని నా ముఖానికే తగిలించుకోవాల్సి వచ్చినప్పుడు ఎన్ని వేషాలు వేశానో చెప్పుకుందామని.

నేను పని చేసేది సిల్తారాలో. రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే హైవే మీద, నగరం దాటి సుమారు పదిహేను కిలోమీటర్లు వెళితే వచ్చే పారిశ్రామిక వాడ. ఇనుప ఖనిజాన్నీ బొగ్గునీ కలిపి, తిరిగే కొలిమిలో వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో, ఖనిజం కరగకుండానే స్పాంజ్ ఐరన్‌గా మార్చే కార్ఖానాలు ఇక్కడ వరసగా ఉంటాయి. ఉదయం ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగుకి తిరుగుతుంది. నేను కంట్రోల్ రూములో షిఫ్టు ఉద్యోగిని. ఉండేది బీర్‌గావ్‌లో. రాకపోకలు బండి మీద.

నాకు ఎప్పుడూ నిద్రమత్తుగానే ఉండేది. టీవీ ముందు కునుకు, అన్నం దగ్గర కునుకు, ఎదుటివాడు మాట్లాడుతుండగానే కునుకు. షిఫ్టు డ్యూటీల వల్ల అనుకున్నాను. రాత్రి గురక సంగతి ఇంట్లో అందరికీ తెలుసు గానీ దాన్ని జబ్బని ఎవరూ అనుకోలేదు. మన భాషే మనల్ని తప్పుదారి పట్టించింది. 'గుర్రుపెట్టి నిద్రపోయాడు' అంటే హాయిగా, ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడని కదా మనకి అర్థం. కుంభకర్ణుడి కాలం నుంచీ గురక గాఢనిద్రకి గుర్తు. అది గాలి దారి ఇరుకైపోయి పడే పాట్ల చప్పుడని ఎవరు అనుకుంటారు?

రాత్రిళ్ళు ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఉలిక్కిపడి లేచేవాణ్ణి. ఒకసారి క్యాంటీన్‌లో ఈ మాట అంటే, పక్క గ్రామం నుంచి పనికి వచ్చే ఒక హెల్పర్ గొంతు తగ్గించి "టోనహి" అన్నాడు. మన వైపు చిల్లంగి అంటామే, అలాంటిది. తెలిసిన బైగా ఉన్నాడనీ, ఝాడ్‌ఫూంక్ చేయిస్తే పోతుందనీ చెప్పాడు. అంతటితో ఆగలేదు. మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలావిడ ఎవరైనా ఉందా అని అడిగాడు. ఉంది. ఆ ప్రశ్నకి నాకు ఒళ్ళు జలదరించింది. టోనహి అని ముద్రవేసి ఆడవాళ్ళని కొట్టడం, ఊరేగించడం, చంపడం ఇక్కడ కథలు కావు. అందుకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో టోనహి ప్రతాడనా నివారణ చట్టం తేవాల్సి వచ్చింది. రాయ్‌పూర్‌లో కంటి వైద్యుడు డాక్టర్ దినేష్ మిశ్రా అంధశ్రద్ధ నిర్మూలన సమితి తరఫున ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి చెబుతున్నది కూడా దీని గురించే.

అతనితో ఆ రోజు గట్టిగా వాదించాను. గెలిచాననే అనుకున్నాను. చివర్లో అతను మర్యాదగానే అడిగాడు: "టోనహి కాదు సరే సార్, మరి మీకు వచ్చిందేమిటి?" నా దగ్గర జవాబు లేదు. వయసు, షిఫ్టులు, గ్యాస్ అని ఏదో సర్దిచెప్పాను. అదీ ఊహే. అతని ఊహ కన్నా ఇతరులకి హాని తక్కువ చేసే ఊహ, అంతే.

2022 డిసెంబరులో నైట్ షిఫ్టు ముగించుకుని మంచులో బండి మీద వస్తున్నాను. హైవే పక్కన లారీలు వరసగా ఆగి ఉన్నాయి. తర్వాత గుర్తున్నది కళ్ళ ముందు ఎర్ర లైటు, కింద మట్టి. ఆగి ఉన్న లారీకి నాలుగు అడుగుల దూరంలో పడి ఉన్నాను. మోచేయి గీసుకుపోయింది, అంతకన్నా ఏమీ కాలేదు. కళ్ళు మూతపడడం మాత్రం నాకు తెలియనే లేదు.

ఆ వారమే మా ఆవిడ ఫోనులో రికార్డు చేసిన నా గురక వినిపించింది. గురక, గురక, గురక, ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని గడియారం పెట్టి చూస్తే 38 సెకన్లు. చివర నీళ్ళలో మునిగి తేలినవాడు తీసుకునేలాంటి ఊపిరి. అదే ఏడాది ఫిబ్రవరిలో బప్పి లహరి చనిపోయినప్పుడు ఆయన డాక్టరు చెప్పిన జబ్బు పేరు గుర్తొచ్చింది. సింహాసనం, గ్యాంగ్ లీడర్ పాటలు విని పెరిగినవాణ్ణి కాబట్టి ఆ వార్త శ్రద్ధగానే చదివాను. నా గురకకీ దానికీ సంబంధం ఉంటుందని మాత్రం అప్పుడు తట్టలేదు.

2023 జనవరిలో ఒంటి నిండా వైర్లు అతికించుకుని ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకున్నాను. నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరిగిందో లెక్కకట్టి ఏహెచ్‌ఐ అనే అంకె ఇస్తారు. 5 లోపు ఉంటే ఫరవాలేదు, 30 దాటితే తీవ్రం. నాది 41. ఏడు గంటలు పడుకుంటే దాదాపు 290 సార్లన్నమాట. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 74 శాతానికి దిగింది. నేను 'హాయిగా' గుర్రుపెట్టిన రాత్రులన్నీ ఇవే.

జబ్బు పనిచేసే తీరు మా ప్లాంటువాళ్ళకి సులువుగానే అర్థమవుతుంది. వాక్యూమ్ పంపుకి మెత్తటి రబ్బరు గొట్టం తగిలిస్తే, పంపు లాగగానే గొట్టం చప్పబడి అతుక్కుపోతుంది. నిద్రలో గొంతు కండరాలు సడలినప్పుడు మనం ఊపిరి లోపలికి లాగితే జరిగేది అదే. గొట్టం అతుక్కోకుండా ఉండాలంటే లోపల కొంచెం పీడనం నిలిపి ఉంచాలి. సీప్యాప్ చేసేది ఇంతే. ఆక్సిజన్ ఇవ్వదు, మనకి బదులు ఊపిరి పీల్చదు. మామూలు గదిగాలినే కాస్త ఒత్తిడితో పంపి దారి తెరిచి ఉంచుతుంది. మేం కొలిమి పీడనాన్ని మిల్లీమీటర్ల నీటిమట్టంలో కొలుస్తాం, ఈ యంత్రం సెంటీమీటర్లలో కొలుస్తుంది. నాకు నిర్ణయించింది 11 సెంటీమీటర్లు.

దీన్ని కనిపెట్టింది సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు. 1980లో మొదటి రోగి మీద ప్రయత్నించాడు, 1981లో లాన్సెట్ పత్రికలో ఐదుగురు రోగుల ఫలితాలు ప్రచురించాడు. మొదట్లో వాడినది వాక్యూమ్ క్లీనర్ మోటారు. మాస్కుని ప్రతి రాత్రీ ముక్కుకి జిగురుతో అంటించేవారట. అంతకు ముందు తీవ్రమైన ఆప్నియాకి ఉన్న గట్టి వైద్యం మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేయడమే. ఇదంతా చదివి ముచ్చటపడ్డాను. ఇంత సరళమైన, ఇంత హేతుబద్ధమైన వైద్యం ఉంటుందా అని మిత్రులకి ఫోన్లు చేసి మరీ చెప్పాను. నలభై రెండు వేలు పెట్టి యంత్రం కొన్నాను.

మొదటి రాత్రి పన్నెండు నిమిషాలు ఉంచుకున్నాను.

ఆ పన్నెండు నిమిషాలూ ఎలా ఉన్నాయంటే, కదులుతున్న బస్సు కిటికీలోంచి తల బయటికి పెట్టి, నోరు మూసుకుని నిద్రపొమ్మన్నట్టు. నోరు తెరిస్తే ముక్కులో దూరిన గాలి నోట్లోంచి బుస్సుమని వస్తుంది. ఊపిరి వదలబోతే ఎదురుగాలి. గుండె దడదడలాడి మాస్కు పీకి అవతల పారేశాను. యంత్రం ఖాళీ గదికి గాలి విసురుతూ ఉండిపోయింది.

తర్వాత ఒక్కొక్కటీ బయటపడ్డాయి. గాలి మింగేసి తెల్లారేసరికి పొట్ట ఉబ్బరం. ముక్కు దూలం మీద పుండు. శీతాకాలపు పొడిగాలికి ముక్కులో రక్తం చార. కరెంటు పోతే యంత్రం ఆగి, మాస్కులో ఉక్కిరిబిక్కిరై లేవడం. సిల్తారా, బీర్‌గావ్‌ల గాలి సంగతి వేరే చెప్పాలి. నెలరోజులు వస్తుందన్న ఫిల్టరు తొమ్మిది రోజులకే నల్లబడింది. అది చూస్తే యంత్రం కన్నా నా ఊపిరితిత్తుల మీదే ఎక్కువ జాలి వేసింది.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి చెప్పడానికి సిగ్గుగా ఉంది. మీసం. ముక్కు మాస్కు కింది అంచు పైపెదవి మీద ఆనాలి. దట్టమైన మీసం ఉంటే అక్కడ గాలి లీకవుతుంది, ఈల వేస్తుంది, కళ్ళలోకి కొడుతుంది. అమ్మిన కుర్రాడు మొహమాటంగా "సార్, కొంచెం ట్రిమ్ చేస్తే..." అన్నాడు. ఇరవయ్యో ఏట నుంచి ఉన్న మీసం! జంధ్యాలూ తాళిబొట్లూ గుర్తులే తప్ప మరేం కాదని ఉపన్యాసాలు ఇచ్చిన నోరే, దాని మీద నాలుగు వెంట్రుకలు కత్తిరించమంటే ఒప్పుకోలేదు.

మార్చి నెలకి యంత్రం బీరువాలోకి చేరింది. ఇక నా తెలివితేటలు పనిచేయడం మొదలుపెట్టాయి. ఈ భాగం మన మిత్రులు శ్రద్ధగా చదవాలని నా కోరిక.

2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన 'సేవ్' అనే పరిశోధన నా కంట పడింది. ఏడు దేశాల్లో, అప్పటికే గుండెజబ్బో మెదడు రక్తనాళాల జబ్బో ఉన్న 2,717 మంది ఆప్నియా రోగులని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి సీప్యాప్ ఇచ్చారు. సగటున 3.7 ఏళ్ళు గమనించారు. గుండెపోటు, పక్షవాతం వగైరాలు సీప్యాప్ వాడినవారిలో 17 శాతం మందికి, వాడనివారిలో 15.4 శాతం మందికి వచ్చాయి. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎగిరి గంతేశాను. "చూశావా, రుజువే లేదు" అని మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ మాట్లాడలేదు.

మరో మిత్రుడు 2006 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్ పరిశోధన ఒకటి పంపాడు. ఆస్ట్రేలియా ఆదివాసుల వాద్యం డిజరిడూని నాలుగు నెలలు సాధన చేస్తే ఆప్నియా తగ్గిందని. నిజమైన పరిశోధనే, మోసం ఏమీ లేదు. నాదస్వరం నేర్చుకుంటే పోలేదా అని వారం రోజులు ఆలోచించాను.

నేను చేయని పని ఏమిటంటే, ఈ రెండింటినీ పూర్తిగా చదవడం. తర్వాత చదివాను. సేవ్ పరిశోధనలో పగటి మత్తు తీవ్రంగా ఉన్నవాళ్ళని ముందే పక్కన పెట్టేశారు. మత్తుని కొలిచే ఎప్‌వర్త్ స్కేలు మీద 24కి 18 వచ్చిన నాలాంటివాడు అందులో లేనే లేడు. పైగా అందులోని రోగులు యంత్రాన్ని సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. అయినా పగటి మత్తు, గురక తగ్గాయనీ, జీవన నాణ్యత మెరుగైందనీ అదే వ్యాసంలో ఉంది. నా సమస్య గుండెపోటు కాదు, లారీ. ఇక డిజరిడూ ప్రయోగంలో ఉన్నది 25 మంది, ఏహెచ్‌ఐ 15కీ 30కీ మధ్య ఉన్నవారు. నాది 41.

పంచాంగంలో తనకి నచ్చిన ముహూర్తం వచ్చేదాకా పేజీలు తిప్పేవాణ్ణి మనం ఎంత ఎగతాళి చేస్తాం! నేను జర్నళ్ళలో చేసింది అదే. పంచాంగమైతే అనుమానించేవాణ్ణి. జర్నల్ కాబట్టి నన్ను నేను నమ్మేశాను.

మే నెలలో యంత్రం తిరిగి తీసుకుంటారేమో అడుగుదామని దుకాణానికి పట్టుకెళ్ళాను. "నేను ప్రయత్నించకపోలేదు, మొదటి నెల రోజూ ఐదారు గంటలు వాడాను" అని చెప్పాను. అబద్ధం చెబుతున్నానన్న స్పృహ నాకు లేదు. నిజంగానే అలా గుర్తుంది. ఆ కుర్రాడు యంత్రంలోంచి చిన్న కార్డు తీసి కంప్యూటరులో పెట్టాడు. తెర మీద ముప్పై గడులు. వాటిలో రంగు ఉన్నవి పదకొండు. ఆ పదకొండు రాత్రుల సగటు గంటా యాభై నిమిషాలు. అతను తెరని కాస్త పక్కకి తిప్పాడు, నా పరువు కాపాడడానికన్నట్టు.

'నేను కళ్ళారా చూశాను సార్' అని దెయ్యాల కథ మొదలుపెట్టేవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. జ్ఞాపకం సాక్ష్యం కాదు, కొలత కావాలి అని వాళ్ళందరికీ చెప్పాను. ఆ రోజు కొలత ఎదురుగా ఉంది, దెయ్యాన్ని చూసినవాడి స్థానంలో నేనున్నాను.

ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే మా ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆ గడులు నాకెందుకండీ, నేను లెక్కపెడుతూనే ఉన్నాను కదా" అంది. ఏమిటి లెక్కపెట్టేదంటే, నా ఊపిరి ఆగినప్పుడు మనసులో ఒకటి, రెండు అని ముప్పై దాకా లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే భుజం మీద తడుతుందట. పదకొండేళ్ళ నుంచి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు వాళ్ళ ఏడుపుకి లేవడం అలవాటైందనీ, వాళ్ళు పెద్దయ్యాక నా నిశ్శబ్దానికి లేవడం అలవాటైందనీ మామూలుగా చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను నైట్ షిఫ్టులో ఉన్న రోజులే ఆవిడకి పూర్తి నిద్ర.

మర్నాడు పొద్దున్నే మీసం తీసేశాను.

అలవాటు కావడానికి ఆ తర్వాత కూడా నాలుగు నెలలు పట్టింది. పనికొచ్చినవి రాస్తాను. మొదటి వారం యంత్రం లేకుండా, పగలు, టీవీ చూస్తూ ఇరవై నిమిషాలు ఉత్త మాస్కు మాత్రమే పెట్టుకున్నాను. రెండో వారం గాలి పెట్టుకుని, కూర్చుని. ఆ తర్వాత మధ్యాహ్నపు కునుకులో. పడుకోబోయేటప్పుడు తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరిగే ఏర్పాటు ప్రతి యంత్రంలోనూ ఉంటుంది. నాకు దాన్ని ఎవరూ చూపించలేదు, నేనూ అడగలేదు. మాస్కు ఒక సైజు చిన్నది మార్చాక పుండు మానింది. పట్టీలు బిగించినకొద్దీ లీకు పెరుగుతుందనీ, కాస్త వదులు చేస్తే తగ్గుతుందనీ చాలా ఆలస్యంగా తెలిసింది. గాలికి తేమ ఇచ్చే తొట్టెలో డిస్టిల్డ్ వాటర్ పోస్తే ముక్కు ఎండడం ఆగింది. గాలి మింగడం గురించి డాక్టరుకి చెబితే ఒత్తిడి సరిచేశారు. ఫిల్టరు వారానికోసారి మార్చక తప్పదు, ఇక్కడి గాలి ఇంతే. ఇన్వర్టరు పెట్టించుకున్నాను.

ఇవేవీ నమ్మకం వల్ల జరిగినవి కావు. నమ్మకం నాకు మొదటి రోజు నుంచే ఉంది. ఒంటికి వాదన వినిపించదు. గుర్రం పిల్లకి జీను అలవాటు చేసినట్టు రోజూ కొంచెం కొంచెం చేయాల్సిందే. మూఢనమ్మకం వదలమని ఎవరికైనా చెప్పేటప్పుడు మనం ఈ సంగతి మర్చిపోతాం. 'చెప్పాం కదా, రుజువు చూపించాం కదా, ఇంకా తాయెత్తు తీయడేం?' అని విసుక్కుంటాం. నాకు రుజువు దొరికాక మాస్కు పెట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. తాయెత్తువాడికి కనీసం అంత గడువు ఇవ్వాలనిపిస్తోంది ఇప్పుడు.

ఇప్పుడు ఎలా ఉన్నానంటే, అద్భుతాలేమీ జరగలేదు. బరువు తగ్గలేదు. బీపీ మాత్ర అలాగే ఉంది. కొన్ని రాత్రులు నాకు తెలియకుండానే మాస్కు పీకేస్తాను. కిందటి నెల కార్డు ప్రకారం సగటు 5 గంటల 40 నిమిషాలు, యంత్రం పెట్టుకుని ఉన్నప్పుడు ఏహెచ్‌ఐ 4 లోపు. పగటి మత్తు మాత్రం పోయింది. బండి మీద హైవే మొదలు నుంచి చివర దాకా నాకు కనిపిస్తోంది. మా ఆవిడ లెక్కపెట్టడం మానేసింది. యంత్రం చప్పుడు ఆగితే మాత్రం ఇప్పటికీ లేస్తుంది.

ఈ మధ్య ఆ హెల్పర్ మళ్ళీ కలిశాడు. అతని ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నాను కదా. ఫోనులో రెండు గీతలు చూపించాను, యంత్రం ముందు రాత్రిదీ, యంత్రం ఉన్న రాత్రిదీ. టోనహి గురించి నేను ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. చాలాసేపు చూసి, వాళ్ళ నాన్న కూడా రాత్రి ఊపిరి ఆపి ఆపి గురక పెడతాడనీ, ఇంట్లో అందరూ నవ్వుకుంటారనీ చెప్పాడు. ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలని అడిగాడు. చిరునామా రాసిచ్చాను.

మీ ఇంట్లో గురక పెట్టేవాళ్ళుంటే గురకని వదిలేయండి. గురకకీ గురకకీ మధ్య నిశ్శబ్దం ఉంటే, అది ఎంతసేపో ఒకసారి లెక్కపెట్టి చూడండి.